కోడింగ్ ఇంటర్వ్యూలో ఆలోచనను బయటికి చెప్పడం ఎలా?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చేవారిని కొన్నేళ్లుగా ఇంటర్వ్యూ చేస్తున్నాను. విషయం తెలిసి కూడా నోరు విప్పకపోవడం వల్ల అవకాశం పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. ప్రశ్న వినగానే తల వంచుకుని, ఇరవై నిమిషాలు మౌనంగా టైప్ చేస్తారు. చివరికి జవాబు తప్పితే, ఆలోచన ఎంతవరకు సరిగా సాగిందో మాకు కనిపించదు. మార్కులు వేయాలని ఉన్నా దేనికి వేయాలి? ఈ ఇబ్బంది సాధనతో తీరుతుంది.

1. రెజ్యూమెను మీరే ప్రశ్నించండి

రాసిన ప్రతి సాంకేతిక పదం పక్కన "ఎందుకు?", "ఎలా?" అని రాసుకుని జవాబు చెప్పుకోండి. చెప్పలేని పదాన్ని కొట్టేయండి. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల జిరాక్స్ నోట్సులో బట్టీ పట్టిన నిర్వచనం రెండో ప్రశ్నకే ఆగిపోతుంది. ప్రాజెక్టు గురించి అడిగితే "మేము చేశాం" అనకుండా, మీ చేతితో రాసిన భాగం ఏదో చెప్పండి.

2. కోడ్ ముట్టుకునే ముందు ప్రశ్నను తిరిగి చెప్పండి

ఉదాహరణకు 3, 8, 5, 12, 6 అనే సంఖ్యలిచ్చి, కలిపితే 14 వచ్చే జతను కనిపెట్టమన్నారనుకుందాం. "జత తప్పకుండా ఉంటుందా? రుణ సంఖ్యలు ఉండవచ్చా? ఒకే సంఖ్యను రెండుసార్లు వాడవచ్చా?" అని అడగండి. అడిగితే తెలియనివారు అనుకుంటారేమోనన్న భయం వద్దు. ఆఫీసులో పని మొదలుపెట్టే ముందు మేమూ ఇలాగే అడుగుతాం.

3. సులువైన దారి ముందు, మెరుగైన దారి తర్వాత

"ప్రతి సంఖ్యనూ మిగతా అన్నిటితో కలిపి చూస్తాను" అని మొదలుపెట్టండి. ఇది సరైన జవాబే. కానీ పదివేల సంఖ్యలుంటే దాదాపు 5 కోట్ల జతలు చూడాల్సి రావచ్చు. ఆ లెక్క మీరే చెప్పి, "చూసిన సంఖ్యలను ఒక హాష్‌మ్యాప్‌లో దాచుకుంటాను" అనండి. దాచిన సంఖ్య ఉందో లేదో వెతుక్కోకుండా వెంటనే చెప్పే పట్టిక అది. తర్వాత చేత్తో నడిపి చూపండి: 3 వచ్చింది, 11 కావాలి, లేదు, 3ను దాచాను. 8కి 6 కావాలి, లేదు. 5కి 9 లేదు, 12కి 2 లేదు. 6 వచ్చింది, 8 కావాలి, ఇంతకుముందే ఉంది. జత దొరికింది. ఒక్కసారి చదివితే పని పూర్తయింది. బదులుగా కొంత మెమొరీ ఖర్చయిందని కూడా చెప్పండి.

దాచడానికి ముందే వెతకాలన్నది ఇక్కడ చిన్న మెలిక. ముందే దాచేస్తే, 14 కావాలన్నప్పుడు ఒకే ఒక్క 7 తనతో తానే జత కట్టేస్తుంది. ఈ ముక్క మీ నోటి నుంచి వస్తే, మీరు దాన్ని అర్థం చేసుకున్నారని నాకు నమ్మకం కుదురుతుంది.

4. ఎస్‌క్యూఎల్‌ను తేలిగ్గా తీసుకోకండి

ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్ టేబుళ్ల నుంచి సమాచారం అడిగే భాష. ఉద్యోగుల టేబుల్‌ను డిపార్ట్‌మెంట్ టేబుల్‌తో కలిపేటప్పుడు, డిపార్ట్‌మెంట్ లేని ఉద్యోగులు కూడా రావాలని లెఫ్ట్ జాయిన్ (మొదటి టేబుల్ వరుసలన్నిటినీ ఉంచే కలయిక) రాస్తారు. వెంటనే డిపార్ట్‌మెంట్ టేబుల్ మీద ఒక షరతును వేర్ క్లాజులో (కలిపాక వరుసలను వడకట్టే భాగంలో) పెట్టి, ఆ ఉద్యోగులనే పోగొట్టుకుంటారు. ఆ షరతు ఆన్ భాగంలో, అంటే టేబుళ్లను ఎలా కలపాలో చెప్పే చోట, ఉండాలి. నాలుగు వరుసల టేబుల్ తయారుచేసి రెండు విధాలా నడిపి చూడండి.

5. చిక్కుకుంటే ఎక్కడ చిక్కుకున్నారో చెప్పండి

"ఇక్కడివరకు వచ్చాను, ఈ మలుపు తోచడం లేదు" అంటే చాలాసార్లు సూచన దొరుకుతుంది. అసలే తెలియకపోతే తెలియదని చెప్పి ముందుకు సాగండి.

6. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇంట్లో గట్టిగా తెలుగులోనే వివరిస్తూ లెక్క చేయండి. వినడానికి తమ్ముడో చెల్లెలో ఉంటే ఇంకా మంచిది. ఆలోచన వరుస కుదిరాక అదే లెక్కను చిన్నచిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి, ఫోనులో రికార్డు చేసి వినండి. వ్యాకరణం కంటే వరుస ముఖ్యం. రోజుకు ఒక్క లెక్క చాలు.

7. అదే రోజు రాసుకోండి

ఇంటర్వ్యూ ముగిసి ఇంటికి వెళ్లే బస్సులోనే అడిగిన ప్రశ్నలను, ఎక్కడ ఆగిపోయారో నోట్సులో రాయండి. రాత్రి కూర్చుని, ఆగిన చోటు నుంచే ఆ లెక్కను గట్టిగా చెబుతూ పూర్తిచేయండి.