పరిశోధనా పత్రాన్ని ఉదహరించే ముందు జాగ్రత్తలు

- ఎప్పుడో దించి పెట్టుకున్న పీడీఎఫ్‌ను నమ్మకండి. పత్రం వెలువడ్డాక జర్నల్ ఇచ్చిన సవరణ, ఉపసంహరణ వంటి నోటీసులు అందులో కనిపించవు. డీఓఐతో (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) జర్నల్ పేజీకే వెళ్లండి. పత్రం తాజా స్థితిని చూపే క్రాస్‌మార్క్ బటన్ ఉంటే నొక్కి చూడండి.
- ఉపసంహరించిన పత్రాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లోనూ వెతకండి. ఉచితమే.
- నోటీసు ఉంటే పూర్తిగా చదవండి. సవరణ అయితే పొరపాటు దిద్దారు, పత్రం నిలిచే ఉంది. ఆందోళన ప్రకటన అయితే అనుమానం ఇంకా తేలలేదు; దానిమీద ఆధారపడకపోవడమే నయం. ఉపసంహరణ అయితే ఫలితాలను నమ్మలేం. (అన్నీ మోసాలే అనుకోకండి, రచయితలే తప్పు పట్టుకుని వెనక్కి తీసుకున్నవీ ఉంటాయి.)
- నోటీసు లేనంత మాత్రాన ధీమా వద్దు, అది ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఎంఎంఆర్ టీకాను (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి పత్రాన్ని లాన్సెట్ వైద్య జర్నల్ పూర్తిగా ఉపసంహరించింది 2010లో!
- ఉపసంహరించిన పత్రాన్ని ప్రస్తావించక తప్పకపోతే, ఆ సంగతి పక్కనే రాయండి.