కథ ముగింపు తేలిపోతోందా? మొదటి పేజీ తీయండి

ఎత్తుగడ, సంఘర్షణ, పతాక సన్నివేశం, ముగింపు అంటే ఏమిటో తెలిసినవాళ్ల కోసం రాస్తున్నాను. నిర్వచనాల జోలికి పోను.

సమస్య: కథ ఎంతకీ మొదలవదు

ఊరి వర్ణన, వాన, మూడు తరాల వంశచరిత్ర ముందు పెట్టి ఉంటారు. ఏదో ఒకటి మారిన చోట మొదలుపెట్టండి. తాతగారి సంగతి అవసరమైనప్పుడు చెప్పొచ్చు.

సమస్య: మధ్యలో చప్పబడుతోంది

సన్నివేశాల మధ్య 'ఆ తర్వాత' పెట్టి చదవండి. అంతటా అదొక్కటే అతుకుతుంటే అక్కడే ఉంది జబ్బు. 'అందుకని', 'అయితే' కూడా అతకాలి. ఉన్నా లేకపోయినా తేడా తెలియని భాగం కథలో భాగమే కాదని అరిస్టాటిల్ ఎప్పుడో అన్నాడు. తీసేయండి.

సమస్య: ముగింపు తేలిపోయిందని అందరూ అంటున్నారు

దీనికి అందరూ చేసేది ఒకటే: ముగింపు తిరగరాస్తారు. చావు పెడతారు, చావు తీసేస్తారు, ఉత్తరం పెడతారు. కథ మాత్రం బాగుపడదు. ఎందుకంటే లోపం చాలాసార్లు చివర్లో ఉండదు, మొదటి పేజీలో ఉంటుంది.

మొదటి పేజీ పాఠకుడిలో ఒక ప్రశ్న లేపుతుంది. పతాక సన్నివేశం జవాబు చెప్పాల్సింది దానికే. ఉదాహరణకి, కొడుకు పొలం అమ్మేద్దామంటాడు, తండ్రి వద్దంటాడు. అమ్ముతారా లేదా అని మనం చదువుతాం. చివర్లో ఆసుపత్రి మంచం దగ్గర ఇద్దరూ ఏడ్చి కలిసిపోతారు. పొలం ఊసే ఉండదు. ఆ సన్నివేశం రాస్తూ రచయితకి కన్నీళ్లొచ్చి ఉంటాయి కాబట్టి లోపం ఆయనకి కనబడదు. అందుకే ఇది పట్టుకోవడం కష్టం.

పరీక్షకి రెండు నిమిషాలు చాలు, అయినా ఎవరూ చేయరు. మొదటి పేజీ లేపిన ప్రశ్న ఒక వాక్యంలో, పతాక సన్నివేశం ఇచ్చిన జవాబు ఇంకో వాక్యంలో రాయండి. పొసగకపోతే రెండు దారులు. ఆ ఏడుపే కావాలంటే, తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవన్న సంగతి మొదట్లోనే నాటండి, పొలాన్ని ఆ గొడవకి సాకు చేయండి. పొలమే ముఖ్యమైతే, సంతకం పెట్టాలా వద్దా అన్న చోటే కథ తేల్చండి.

గురజాడ 'దిద్దుబాటు' (1910) చూడండి. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. ఆమె ఏమైంది, ఇతను మారతాడా అన్నవి అక్కడే పుడతాయి. చివర్లో మంచం కింద దాక్కున్న భార్య నవ్వు కొసమెరుపు మాత్రమే. కథ తిరిగేది అంతకుముందే, తప్పు తనదేనని అతను తెలుసుకున్నప్పుడు. కొసమెరుపునే పతాక సన్నివేశం అనుకుని దానికి మెరుగులు దిద్దేవాళ్లు ఎక్కువ.

మిగతావి

ఫ్లాష్‌బ్యాక్‌లు ఎక్కువయ్యాయి, పాత్రలు ఎక్కువయ్యాయి అనేవి అరుదు. పై మూడూ చూశాకే వాటి గురించి టెన్షన్ పడండి.