రికార్డు ఉంది, క్వెరీకి దొరకదు: పోస్ట్‌గ్రెస్ ఇండెక్స్ కరప్షన్ సమస్య - పరిష్కారం

"డేటాబేస్ కరప్ట్ అయింది" అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే: ఈమధ్య సర్వర్ ఓఎస్ గానీ, కంటైనర్ ఇమేజ్ గానీ మార్చారా? "లేదండీ, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ అదే ఉంది" అంటారు. నేనడిగింది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ గురించి కాదు. ఓఎస్ గురించి. ఇంకో రెండు సార్లు అడిగితే అప్పుడు చెబుతారు, పోయిన నెల ఉబుంటు 18.04 నుంచి 20.04కి వెళ్లామని. అప్పటికి డిస్క్ మార్చేసి ఉంటారు, క్లౌడ్ వాళ్లకి టికెట్ పెట్టేసి ఉంటారు. అసలు సంగతేమిటంటే, ఓఎస్ మారితే అక్షరాల వరస మారి, ఇండెక్స్ (రికార్డుని త్వరగా వెతికే సూచిక) తప్పుదారి పట్టొచ్చు.

పీఎస్‌క్యూఎల్, బ్యాకప్, రెప్లికా లాంటివి మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ముందు కాపీ

ఏ కమాండూ కొట్టకముందు డేటా డైరెక్టరీ మొత్తానికి కాపీ తీయండి. సర్వర్ ఆపగలిగితే ఆపి కాపీ చేయండి. ఆపలేకపోతే వాల్యూమ్ స్నాప్‌షాట్ తీయండి, కానీ వాల్ ఫైళ్లు (మార్పుల చిట్టా), టేబుల్‌స్పేస్‌లు (టేబుళ్లని దాచే వేరే ఫోల్డర్లు) వేరే డిస్కుల్లో ఉంటే అన్నిటికీ ఒకే క్షణంలో పడాలి. డంప్ (డేటాని కమాండ్లుగా రాసిన ఫైల్) తీసి "బ్యాకప్ ఉంది" అనుకోవద్దు. డంప్‌లో ఇండెక్సుల డెఫినిషన్ ఉంటుందే తప్ప, చెడిపోయిన ఇండెక్స్ ఉండదు. తర్వాత ఏం జరిగిందో చూడాలంటే ఆధారం మిగలదు.

లక్షణం

ఈమెయిల్ సరిగ్గా ఇచ్చి వెతికితే సున్నా రికార్డులు. అదే ఈమెయిల్‌ని అటూ ఇటూ పర్సంట్ గుర్తు పెట్టి లైక్‌తో వెతికితే ఎదురుగా కనిపిస్తుంది. యూనిక్ అని రాసుకున్న కాలమ్‌లో ఒకే విలువ రెండుసార్లు ఉంటుంది. డంప్‌ని టెస్ట్ సర్వర్‌లో రీస్టోర్ చేయబోతే యూనిక్ ఇండెక్స్ దగ్గర ఆగిపోతుంది. ప్రైమరీలో (అసలు సర్వర్‌లో) ఒక జవాబు, రెప్లికాలో (దాని నకలులో) ఇంకో జవాబు. లాగ్‌లో మాత్రం ఒక్క ఎర్రర్ కూడా ఉండదు.

ఆ చివరి మాట గుర్తుంచుకోండి. డిస్క్ చెడితే మామూలుగా లాగ్ ఊరుకోదు. "ఇన్‌వ్యాలిడ్ పేజ్ ఇన్ బ్లాక్", "కుడ్ నాట్ రీడ్ బ్లాక్" అని అరుస్తుంది. అవి కనిపిస్తే మీ రోగం వేరు, దాని గురించి కింద రెండు ముక్కలు రాశాను.

నిర్ధారణకి అయిదు నిమిషాలు చాలు. ఒక సెషన్‌లో ఎనేబుల్ ఇండెక్స్‌స్కాన్, ఎనేబుల్ ఇండెక్స్‌ఓన్లీస్కాన్, ఎనేబుల్ బిట్‌మ్యాప్‌స్కాన్, ఈ మూడు సెట్టింగులూ ఆఫ్ చేసి అదే క్వెరీ మళ్లీ నడపండి. రికార్డు దొరికిందా? అయితే టేబుల్ బాగానే ఉంది, ఇండెక్స్ అబద్ధం చెబుతోంది. మూడోది ఆఫ్ చేయడం చాలామంది మర్చిపోతారు. ప్లానర్ (క్వెరీకి దారి ఎంచే భాగం) బిట్‌మ్యాప్ దారిలో మళ్లీ అదే ఇండెక్స్‌లోకి వెళ్తుంది, "సీక్వెన్షియల్ స్కాన్‌లో (టేబుల్ మొత్తం చదివినా) కూడా దొరకలేదు" అని వీళ్లు రిపోర్ట్ రాస్తారు.

అసలు దొంగ: జీలిబ్‌సీ

ఇంటిపన్ను సాఫ్ట్‌వేర్ ఒకటి ఊహించుకోండి. డోర్ నంబర్ టెక్స్ట్ కాలమ్, దాని మీద యూనిక్ ఇండెక్స్. మన డోర్ నంబర్ల సంగతి తెలిసిందే, హైఫన్లూ స్లాష్‌లూ లేకుండా ఉండవు. టెక్స్ట్ ఇండెక్స్‌లో ఏది ముందు, ఏది వెనక అన్నది డీఫాల్ట్‌గా పోస్ట్‌గ్రెస్ సొంతంగా తేల్చదు. ఓఎస్‌లోని జీలిబ్‌సీ లైబ్రరీని అడుగుతుంది. ఆ లైబ్రరీ 2018 ఆగస్టులో వచ్చిన 2.28 వెర్షన్‌లో వరస నియమాలను ఐఎస్ఓ 14651 ప్రమాణం 2016 కూర్పుకి తగ్గట్టు మార్చేసింది. ఇంగ్లిష్ యూఎస్ లొకేల్‌లో (భాష, దేశం సెట్టింగ్) అంతకుముందు హైఫన్ లాంటి గుర్తుల్ని మొదటి పోలికలో లెక్కలోకి తీసుకునేది కాదు. ఇప్పుడు తీసుకుంటుంది. అందుకే పాత లైబ్రరీ 11 తర్వాత 1-1 పెడితే, కొత్తది 1-1 తర్వాత 11 పెడుతుంది.

నిఘంటువులో "క్షమ" కోసం "క" కింద చూడాలి. వర్ణమాలలో క్ష చివర ఉంది కదా అని చివరి పేజీలు తిరగేసినవాడికి ఆ మాట దొరకదు. ఇక్కడ జరిగేదీ అదే. పాత వరసలో పేర్చిన ఇండెక్స్‌ని కొత్త వరస ప్రకారం వెతుకుతున్నారు. యూనిక్ చెక్ కూడా అదే వెతుకులాట మీద ఆధారపడుతుంది కాబట్టి, ఉన్న డోర్ నంబర్‌ని లేదనుకుని రెండోసారి చేర్చుకుంటుంది. మామూలు పేర్లతో పరీక్షించే టెస్టింగ్ టీమ్‌కి ఇది దొరక్కపోవచ్చు, ఆ పేర్లలో హైఫన్ ఉండదు.

చెక్‌సమ్‌లు (పేజీ చెడిందేమో పట్టే లెక్క) ఆన్‌లో ఉన్నాయని ధైర్యంగా ఉండకండి. పేజీలో ఒక్క బిట్ కూడా చెడలేదు, చెక్‌సమ్ పట్టుకునేదేమీ లేదు.

ఉబుంటు 18.04 నుంచి 20.04, డెబియన్ 9 నుంచి 10, రెడ్‌హ్యాట్ 7 నుంచి 8, ఈ మూడు దారుల్లోనూ 2.28 గీత దాటతారు. డౌన్‌టైమ్ లేకుండా మారాలని కొత్త ఓఎస్ మీద స్ట్రీమింగ్ రెప్లికా పెట్టి, దాన్నే ప్రమోట్ చేసేవాళ్లు ఎక్కువగా ఇందులో పడతారు. రెప్లికాకి ఇండెక్స్ ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. డేటా డైరెక్టరీని మోసుకెళ్లినా, పీజీ అప్‌గ్రేడ్ (పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మార్చే టూల్) వాడినా అంతే. డంప్-రీస్టోర్, లాజికల్ రెప్లికేషన్‌లో ఇండెక్స్ కొత్తగా తయారవుతుంది కాబట్టి ఈ గొడవ లేదు. డాకర్‌లో అయితే ఆల్పైన్ ఇమేజ్ నుంచి డెబియన్ ఇమేజ్‌కి మారినా ఇదే తంటా, ఆల్పైన్‌లో ఉండేది జీలిబ్‌సీ కాదు, మజల్ అనే వేరే లైబ్రరీ. డెబియన్ కోడ్‌నేమ్ లేని ట్యాగ్ వాడితే, ఒక రోజు పుల్ చేసినప్పుడు కింద డెబియన్ మారిపోయి ఉంటుంది.

పరీక్ష సులువు. పాత మెషీన్‌లో, కొత్త మెషీన్‌లో 1-1, 11 అనే రెండు లైన్లను డేటాబేస్ లొకేల్‌తో సార్ట్ కమాండ్‌కి ఇవ్వండి. జవాబులు వేరైతే కారణం దొరికినట్టే. ఒకటే వచ్చిందని మాత్రం వదిలేయకండి, 2.28 కాక మిగతా వెర్షన్లలోనూ చిన్న మార్పులు ఉండొచ్చు. అప్పుడు ఇండెక్సుల్ని తనిఖీ చేసే ఆమ్‌చెక్ ఎక్స్‌టెన్షన్‌తో బీటీ ఇండెక్స్ చెక్ నడపండి. లైవ్‌లోనే నడపొచ్చు, రాతలని ఆపదు. "ఐటెమ్ ఆర్డర్ ఇన్వేరియంట్ వయొలేటెడ్" అని వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పేరెంట్ చెక్ ఇంకా లోతుగా చూస్తుంది కానీ రాతలని ఆపుతుంది, దాన్ని కాపీ మీద నడపండి. ఆ కాపీ కూడా అదే ఓఎస్ మీద ఉండాలి సుమా. లాప్‌టాప్‌లోని ఆల్పైన్ కంటైనర్‌లో చెక్ చేసి తెచ్చిన రిపోర్ట్ దేనికీ పనికిరాదు.

పరిష్కారం

పోస్ట్‌గ్రెస్ 15వ వెర్షన్ నుంచి డేటాబేస్‌కి కనెక్ట్ అవగానే "కొలేషన్ వెర్షన్ మిస్‌మ్యాచ్" (కొలేషన్ అంటే అక్షరాల వరస నియమాలు) అని వార్నింగ్ వస్తుంది. దానికి "రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్" అనే కమాండ్ కొట్టి చేతులు దులుపుకునేవాళ్లని చూస్తే నాకు బీపీ పెరుగుతుంది. ఆ కమాండ్ నంబర్ మాత్రమే మారుస్తుంది, ఒక్క ఇండెక్స్‌నీ ముట్టుకోదు. అది అన్నిటికన్నా చివర్న చేయాల్సిన పని.

మొదట ఆ టేబుళ్లకి రాతలు ఆపించండి. అప్లికేషన్‌లో ఆ స్క్రీన్ ఒక్కటి మూసినా సరే. లేకపోతే మీరు డూప్లికేట్లు తీస్తుంటే వెనకాల కొత్తవి చేరుతుంటాయి.

తర్వాత పైన చెప్పిన మూడు సెట్టింగులూ ఆఫ్ చేసి, గ్రూప్ బై, హ్యావింగ్‌తో డూప్లికేట్లు బయటికి తీయండి. ఏది ఉంచాలన్నది డీబీఏ తేల్చేది కాదు, ఆ డేటా ఎవరిదో వాళ్లని అడగాలి. ఒక ఇంటికి పాత ఐడీ కింద పాత రసీదులు, కొత్త ఐడీ కింద ఈ ఏడాదివి ఉండొచ్చు. రసీదుల్ని ఒక ఐడీ కిందికి మార్చాకే రెండో రికార్డు తీసేయాలి. ప్రైమరీ కీయే టెక్స్ట్ అయితే రెండు రికార్డులకీ తేడా చెప్పేది సీటీఐడీ (టేబుల్‌లో రికార్డు ఉన్న చోటు) ఒక్కటే. అప్‌డేట్ చేస్తే అది మారిపోతుంది, తీసేసే ముందు మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు రీఇండెక్స్. టెక్స్ట్, వర్కార్, క్యారెక్టర్ కాలమ్‌లున్న బీ-ట్రీ (వరసగా పేర్చే మామూలు రకం) ఇండెక్సులన్నీ, అందులోనూ యూనిక్‌లు ముందు. లోయర్ ఫంక్షన్ మీద కట్టినవి, నాలుగు కాలమ్‌ల్లో ఒకటి టెక్స్ట్ ఉన్నవి జారిపోకుండా చూడండి. ఇంటీజర్ ఇండెక్సులు, సీ కొలేషన్‌తో (బైట్ల వరసతో) ఉన్నవి వదిలేయొచ్చు. 12వ వెర్షన్ నుంచి రీఇండెక్స్ కాంకరెంట్లీ ఉంది, కొత్త ఇండెక్స్‌కి సరిపడా డిస్క్ ఖాళీ ఉంచుకోండి. డూప్లికేట్ ఇంకా మిగిలి ఉంటే అది మధ్యలో ఫెయిలై, పేరు చివర సీసీన్యూ అని ఉన్న పనికిరాని ఇండెక్స్‌ని వదిలిపోతుంది, దాన్ని డ్రాప్ చేయాలి. 14.0 నుంచి 14.3 మధ్య వెర్షన్‌లో ఉంటే ముందు 14.4 లేదా ఆ పైకి వెళ్లండి. ఆ పాతవాటిలో కాంకరెంట్లీ తనే ఇండెక్స్‌ని పాడుచేసే బగ్ ఉంది.

రెప్లికాలో రీఇండెక్స్ నడవదు, ప్రైమరీలో చేసినదే అక్కడికి వస్తుంది. రెండిట్లో ఓఎస్ ఒకటి కాకపోతే ఒకచోట బాగైంది ఇంకోచోట చెడుతుంది. టెక్స్ట్ మీద రేంజ్ పార్టిషన్లు (విలువల వరసని బట్టి విడదీసిన టేబుల్ ముక్కలు) ఉంటే ఇండెక్స్ బాగుచేసినా చాలదు. తప్పు పార్టిషన్‌లో ఉన్న రికార్డుల్ని తీసి మళ్లీ ఇన్‌సర్ట్ చేయాలి.

మిగతా కారణాలు

చాలా అరుదు. పేజీ ఎర్రర్లు వస్తే కెర్నల్ లాగ్ చూడండి, బాగున్న రెప్లికాకి మారండి, లేకపోతే బ్యాకప్ నుంచి తెచ్చుకోండి. ఎఫ్‌సింక్ (రాతలు డిస్క్‌లో పడేలా చూసే సెట్టింగ్) ఆఫ్ చేసి ఉంటే చెప్పేదేముంది. ఈసీసీ (తప్పుల్ని సరిదిద్దుకునే సదుపాయం) లేని ర్యామ్ సంగతి హార్డ్‌వేర్ వాళ్లకి వదిలేయండి. జీరో డ్యామేజ్డ్ పేజెస్, పీజీ రీసెట్‌వాల్ లాంటి డేటా పోగొట్టగల సాధనాల జోలికి మాత్రం కాపీ లేకుండా వెళ్లొద్దు.

రీఇండెక్స్ అయ్యాక ఆమ్‌చెక్ ఇంకోసారి నడిపి, అప్పుడు రిఫ్రెష్ కమాండ్ కొట్టి, వెంటనే కొత్త బేస్ బ్యాకప్ తీయండి. పాత బేస్ బ్యాకప్‌లలో పాత వరస ఇండెక్సులే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత ఎవరో దాన్ని ఈ ఓఎస్ మీద రీస్టోర్ చేస్తే అదే ఫోన్ మళ్లీ వస్తుంది, కాబట్టి బ్యాకప్ ఫోల్డర్ పేరులోనే ఓఎస్ వెర్షన్ రాసి పెట్టండి.