సూది భయాన్ని ఎలా తట్టుకోవాలి?

రక్తపరీక్షకు చెయ్యి చాపగానే కొందరికి గుండె దడదడలాడుతుంది. కొందరికి కళ్లు బైర్లు కమ్మి ఒళ్లు తూలుతుంది. రెంటికీ ఉపాయం ఒకటి కాదు. అందుకే ముందు మీది ఏ రకమో తేల్చుకోండి.

కళ్లు తిరిగేవాళ్లలో మొదట బీపీ కాస్త పెరిగి, ఆ వెంటనే బాగా పడిపోతుంది, గుండె వేగమూ తగ్గుతుంది. మెదడుకు రక్తం చాలక స్పృహ తప్పుతుంది. ‘ఒళ్లు వదులు చేసుకో’ అనే సలహా వీళ్లకు పనికిరాదు, బీపీ ఇంకా తగ్గొచ్చు. వీళ్లు కండరాలు బిగించాలి.

1. వెల్లకిలా పడుకోండి. ‘నాకు కళ్లు తిరుగుతాయి’ అని సూది బయటికి తీయకముందే నర్సుకు చెప్పండి. అది మొహమాటపడే విషయం కాదు.

2. కాళ్లు, పొట్ట, సూది గుచ్చని చేతి కండరాలు బిగించి 10-15 సెకన్లు ఉంచండి. ముఖం వెచ్చబడాలి. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.

3. 20-30 సెకన్లు మామూలుగా ఉండి మళ్లీ బిగించండి. ఇలా ఐదుసార్లు. ఇంట్లో వారం రోజులు సాధన చేస్తేనే ఆ సమయానికి పట్టుబడుతుంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టాలి.

4. సూది గుచ్చే చెయ్యి వదులుగా ఉంచండి. కండరం బిగిస్తే నొప్పి పెరుగుతుంది.

దడ మాత్రమే ఉంటే ఊపిరి చాలు: నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. చూపు తిప్పుకోండి. అయితే చూస్తూ ఉంటేనే ధైర్యంగా ఉండేవాళ్లూ ఉన్నారు, వాళ్లను బలవంతం చేయొద్దు.

నొప్పే భయమైతే మత్తు క్రీమ్ గురించి డాక్టర్‌ని అడగండి. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమ్ రాసి, పైన ప్లాస్టిక్ పట్టీ వేసి కనీసం గంట ఉంచాలి. పది నిమిషాల ముందు రాసి పనిచేయలేదనుకోవడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

సెలైన్ కోసం క్యాన్యులా పెట్టినప్పుడు లోపల సూది ఉండిపోతుందేమోనని చెయ్యి కదపరు చాలామంది. సూది అప్పుడే బయటికి తీసేస్తారు, నరంలో మిగిలేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టమే. మెల్లగా కదపొచ్చు. అక్కడ వాపు, మంట మొదలైతే మాత్రం ఓర్చుకోకుండా వెంటనే నర్సును పిలవండి. చూసి, అవసరమైతే తీసి మరోచోట పెడతారు.