ముసురులో పెరడు – 3వ పాఠం: కోళ్ల గూడు నేల

కప్పు, చూరు సంగతి పోయిన పాఠంలో అయిపోయింది. గోడ దాటి రెండడుగుల చూరు వదిలి, కారే చోట్లు మూసినవాళ్లు ఇక నేల మీదికి రావచ్చు.

పైనుంచి ఒక్క చుక్క పడకపోయినా, ముసురు పట్టిన మూడో రోజుకి గూట్లో నేల జిగట జిగటగా అవుతుంది. చాలామంది అప్పుడు నిచ్చెన వేసుకుని కప్పులో చిల్లు వెతుకుతారు. చిల్లు ఉండదు. తడి వస్తున్నది కోళ్ల నుంచి, కింది మట్టి నుంచి.

ఒక లెక్క చూడండి. ఎదిగిన నాటుకోడి రోజుకి 100 గ్రాములకి అటూ ఇటూగా రెట్ట వేస్తుంది. అందులో ముప్పాతిక వంతు నీరే. 20 కోళ్లుంటే రోజుకి లీటరున్నర నీళ్లు గూట్లో చల్లినట్టే. మామూలు రోజుల్లో చాలా భాగం పెరట్లో పడి ఎండిపోతుంది. ముసురులో కోళ్లు గుమ్మం దాటవు, గాలి కూడా తడిగానే ఉంటుంది కాబట్టి పడింది పడ్డట్టే ఉంటుంది. ఐదు రోజుల ముసురుకి ఏడెనిమిది లీటర్లు! ఈ పాఠంలో కొలతలన్నీ 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉన్న గూటికి, 20 కోళ్లకి. మీ గూటిని బట్టి పెంచుకోండి, తగ్గించుకోండి.

అడుగు నేల

ఇది మే నెలలో చేసుకోవాల్సిన పని. చుట్టుపక్కల నేల కంటే గూడు అడుగు ఎత్తులో ఉండాలి. అలాగని ఉన్న మట్టినే ఎత్తు పోస్తే లాభం లేదు. ముఖ్యంగా నల్లరేగడిలో, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు తడి పైకి పాకుతుంది. అందుకని అట్టడుగున ఆరు అంగుళాల మందాన ఇటుక ముక్కలో, కంకరో పోయండి. ముక్కల మధ్య ఖాళీలు పెద్దవి కాబట్టి తడి అక్కడితో ఆగుతుంది. దాని మీద అంగుళం ఇసుక, ఇసుక మీద పాత ఫ్లెక్సీ రెండు వరసలుగా పరచండి. అతుకు వచ్చిన చోట ఒక అడుగు ఒకదాని మీద ఒకటి రావాలి. (పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలకి మన ఊళ్లలో కరువేముంది!) ఇసుక లేకుండా కంకర మీదే పరిస్తే మొనలు గుచ్చుకుని చిల్లులు పడతాయి. ఆ పైన ఐదు అంగుళాల మొరం పోసి, కాస్త తడిపి, దిమ్మిసతో గట్టిపడే దాకా కొట్టండి.

మొరం పని తప్పించుకుందామని ఫ్లెక్సీ మీదే ఊక పోసేవాళ్లున్నారు. వారం తిరక్కుండా కోళ్లు గీరి చింపుతాయి, ఈలోపు నీళ్లు దాని మీదే నిలుస్తాయి.

కాలువ గోడ అడుగున తవ్వకండి, గోడ నానుతుంది. సరిగ్గా చూరు నీళ్లు పడే గీత మీద తవ్వండి. 9 అంగుళాల వెడల్పు, అంతే లోతు, ప్రతి నాలుగడుగులకి ఒక అంగుళం వాలు. వాలు కంటితో తేలదు, మేస్త్రీలు పట్టే నీళ్ల ట్యూబుతో చూసుకోవాలి. కాలువలో గులకరాళ్లు పరిస్తే ధార చిట్లి గోడ మీదికి, జాలీలోంచి లోపలికి ఎగరదు.

ఊక

వరి ఊక అన్నిటికంటే నయం. రాయలసీమలో వేరుశనగ తొక్కలు దొరికితే అవీ మంచివే, నలగ్గొట్టి వేసుకోండి. ఎండుగడ్డి మాత్రం ముసురులో వద్దు. తడి తగిలితే నాలుగు రోజుల్లో బూజు పట్టి, ఆ బూడిదరంగు పొడి పీల్చిన కోడిపిల్లలు నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తాయి.

నాలుగు అంగుళాల మందం కావాలి. ఈ గూటికి దాదాపు 50 కిలోల ఊక, అంటే 75 కిలోల వడ్లు పట్టే గోనె సంచులతో నాలుగు. ఇంకో రెండు సంచులు అటక మీద దాచండి. ముసురు పట్టాక మిల్లు దగ్గర దొరికే ఊక తడిసే ఉంటుంది, తెచ్చినా ఉపయోగం లేదు.

రోజూ మధ్యాహ్నం, గాలి కాస్త ఆడే వేళ, పారతో ఊకని అడుగు దాకా తిరగెయ్యండి. తర్వాత గూటి మధ్య నుంచి ఒక గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. రాలిపోతే బాగుంది. ముద్ద నిలిచి, వేలు తగలగానే విరిగితే ఒక గంప పొడి ఊక కలపండి. ముద్ద అలాగే ఉండి అరచేయి చెమ్మ అయితే, ఆ గడ్డకట్టిన పెచ్చులన్నీ ఎత్తి పెంటకుప్పలో వేసి ఆ చోటు కొత్త ఊకతో నింపండి.

సున్నం విషయంలో ఎక్కువమంది పొరబడతారు. తడి పెచ్చుల మీద సున్నం చల్లితే రెట్టలోంచి వచ్చే ఘాటు వాయువు అమ్మోనియా ఇంకా ఎక్కువగా లేచి కోళ్ల కళ్లు మండుతాయి. కట్టెల బూడిదకీ అదే గుణం. పెచ్చులు తీసేశాకే, చల్లార్చి ఆరిన పొడి సున్నం రెండు కిలోలు చల్లి ఊకలో కలిసేలా తిరగెయ్యండి. ఓ గంటసేపు కోళ్లని పంచలో ఉంచండి. చల్లార్చని రాళ్ల సున్నం ముట్టుకోవద్దు, కాళ్లు కాలతాయి. ఘాటు ఉందో లేదో నిలబడి వాసన చూస్తే తెలియదు. గొంతుక్కూర్చుని, ముక్కు కోడి ఎత్తుకి తెచ్చి పీల్చాలి.

తడి పుట్టే రెండు చోట్లు

ఒకటి నీళ్ల పాత్ర. నేల మీద పెడితే కాలితో తన్ని ఒలకబోస్తాయి. ఇటుకలు పేర్చి, పాత్ర అంచు కోడి వీపు ఎత్తుకి వచ్చేలా పెట్టండి. కింద ఒక పళ్లెంలో ఇసుక పోసి ఉంచితే ఒలికింది అందులోనే ఉంటుంది, సాయంత్రం ఆ ఇసుక మార్చడం తేలిక.

రెండోది పడుకునే చోటు. రాత్రి రెట్టంతా ఒకేచోట పడుతుంది. రెండంగుళాల లావు సరుగుడు కర్రలు ఏడడుగులవి రెండు, రెండడుగుల ఎత్తులో, మధ్య అడుగు దూరంతో కట్టండి. కోడికి 8 అంగుళాల చొప్పున ఇరవైకీ సరిపోతాయి. కింద యూరియా సంచులు విప్పి పరిచి, పొద్దున్నే ఎత్తి దులిపితే ఊకకి సగం భారం తగ్గుతుంది. పది నిమిషాల పని. దీన్ని వదిలేసి మిగతావన్నీ చేసినా ప్రయోజనం తక్కువే.

బరకం నాలుగు వైపులా దించి బిగించకండి. లోపలి ఆవిరి పోయే దారి లేక ఊక ఇంకా తడుస్తుంది. జల్లు కొట్టే వైపే దించి, పైన అడుగు జాగా వదలండి. నైరుతి ముసురులో జల్లు ఎక్కువగా పడమటి నుంచి, అక్టోబరు, నవంబరుల్లో కోస్తాలో ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి బరకాన్ని రెండు వైపులకీ మార్చుకునేలా కొక్కేలు పెట్టుకోండి.

నేల తడిస్తే ముందుగా దెబ్బతినేవి మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలు. రక్తపారుడు క్రిముల గుడ్లు రెట్టలో బయటికొచ్చి, తడి, వెచ్చదనం దొరికితే రెండు రోజుల్లో ముదిరి అంటుకుంటాయి. రెట్టలో ఎరుపు, వాలిన రెక్కలు, తిండి మానేయడం కనిపిస్తే ఆ రోజే పశువైద్యశాలకి వెళ్లండి. మామూలుగా రాసే మందు ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీళ్లకి 1.2 గ్రాములు, ఐదు నుంచి ఏడు రోజులు, ఏ రోజుకారోజు కలపాలి. ఆ రోజుల్లో వేరే నీళ్లు అందకూడదు, చూరు కింద గుంటలో నిలిచినవి కూడా. మందు వేస్తూ తడి ఊక అలాగే ఉంచితే వ్యాధి మళ్లీ తిరగబెడుతుంది.

నాలుగో పాఠం మేకల కొట్టం, గిట్టల కుళ్లు గురించి. ఈలోగా గిట్టలు ముంచడానికి రెండంగుళాల లోతు నీళ్లు నిలిచే పాత తొట్టి ఒకటి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) అరకిలో తెచ్చి పెట్టుకోండి. పది లీటర్ల నీళ్లకి అది సరిపోతుంది. తొట్టి ఇనుముది మాత్రం వద్దు, మైలుతుత్తం దాన్ని తినేస్తుంది.