పాత మిలిటరీ పెన్షన్ కాగితాలు చదవడం ఎలా: ఏ ఆఫీసు ఎందుకుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే

ఇంట్లో తాతగారిదో నాన్నగారిదో మిలిటరీ ట్రంకుపెట్టె ఉందా? తెరిచి చూస్తే అలహాబాదు ముద్ర ఉన్న కాగితం ఒక్కటైనా కనబడుతుంది. ఆయన చేరింది సికింద్రాబాద్‌లో, పని చేసింది కశ్మీర్‌లో, పెన్షన్ తీసుకుంది తాడేపల్లిగూడెం బ్యాంకులో అయితే మధ్యలో ఈ అలహాబాదు ఏమిటని అడిగేవాళ్లు చాలామంది. ఈ ఒక్క సంగతి తెలియకే పీపీఓలో (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చే పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో) పేరు తప్పు పడిందని బ్యాంకు మేనేజరు చుట్టూ తిరుగుతుంటారు. ఆ మేనేజరు పాపం ఆ తప్పు దిద్దాలనుకున్నా దిద్దలేడు, అది ఆయన చేతిలో లేదు.

అందుకే ముందు కొంచెం చరిత్ర. బోర్ కొట్టినా దాటేయకండి, కింద చెప్పే పనులన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

మిలిటరీ డబ్బు లెక్కలన్నీ చూసేది డిఫెన్స్ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్. దేశంలోని పాత ప్రభుత్వ శాఖల్లో ఇదొకటి. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో, 18వ శతాబ్దం మధ్యలో, దండుకు జీతాలు పంచడానికి పెట్టిన పే మాస్టర్లతో ఇది మొదలైంది. దళాన్ని నడిపే ఆఫీసరు చేతికే జీతాల సంచీ ఇస్తే ఏమవుతుందో కంపెనీకి తెలిసొచ్చింది: చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు కూడా హాజరు పట్టీలో బతికే ఉంటారు, వాళ్ల జీతం ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పాలా. అలవెన్సుల గొడవైతే మరీ ముదిరింది. 1766లో క్లైవ్ బెంగాల్ ఆఫీసర్ల డబుల్ భత్యం కోసేస్తే ఏకంగా ఇంగ్లీషు ఆఫీసర్లే తిరగబడ్డారు. అంచేత యుద్ధం చేసేవాడు వేరు, డబ్బు లెక్క చూసేవాడు వేరు అన్న పద్ధతి మెల్లగా గట్టిపడింది. ఇప్పటికీ ఈ శాఖలో పని చేసేవాళ్లు యూనిఫాం వాళ్లు కారు, సివిలియన్లు. పై స్థాయి అధికారులు యూపీఎస్సీ రాసి ఇండియన్ డిఫెన్స్ అకౌంట్స్ సర్వీసులోకి వస్తారు.

సైన్యం ఖర్చు మన ప్రాంతం పటాన్నే మార్చేసిందని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్న కంపెనీ దళాల ఖర్చు కిందే నిజాం 1800లో కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలను రాసిచ్చాడు. దత్త మండలాలు అంటే అవే. 1853లో హైదరాబాద్ కాంటింజెంట్ (నిజాం ఖర్చుతో ఇంగ్లీషు ఆఫీసర్లు నడిపిన దళం) బాకీల కింద బేరార్‌ను కూడా అప్పగించాల్సి వచ్చింది. సిపాయి జీతం లెక్క చిన్న లెక్కేం కాదు.

మొదట మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీలకు వేర్వేరు సైన్యాలుండేవి, 1895లో అవి ఒక్కటయ్యాయి. లెక్కల శాఖ పేరు బ్రిటిష్ కాలంలో మిలిటరీ అకౌంట్స్ డిపార్ట్‌మెంట్, దాని పెద్ద మిలిటరీ అకౌంటెంట్ జనరల్. దేశ విభజనప్పుడు శాఖ కూడా రెండు ముక్కలైంది. 1951లో మన దగ్గర పేరు డిఫెన్స్ అకౌంట్స్‌గా మారి, పెద్ద అధికారి కంట్రోలర్ జనరల్ ఆఫ్ డిఫెన్స్ అకౌంట్స్ అయ్యాడు. ఆ ఆఫీసు ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఉంది. పాకిస్తాన్ మాత్రం పాత పేరు వదల్లేదు. రావల్పిండిలో ఇవాళ్టికీ మిలిటరీ అకౌంటెంట్ జనరల్ ఉన్నాడు, లాహోర్‌లో మిలిటరీ పెన్షన్ల కంట్రోలర్ ఉన్నాడు. మన ఆర్మీ పెన్షన్లు మంజూరు చేసేది అలహాబాదులో, అంటే ఇప్పటి ప్రయాగ్‌రాజ్‌లో, ద్రౌపదీ ఘాట్ దగ్గరున్న ప్రిన్సిపల్ కంట్రోలర్ ఆఫీసు. నేవీ వాళ్లకు ముంబై, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ. ఆర్మీ ఆఫీసర్ల జీతాలైతే పుణె. మీ పెట్టెలో కాగితాల మీదున్న ఊళ్ల పేర్లు ఇందుకే అలా ఉంటాయి.

ఇక పనిలోకి దిగుదాం.

మొట్టమొదట డిశ్చార్జి బుక్, అంటే సైన్యం నుంచి పంపేటప్పుడు ఇచ్చే పుస్తకం, వెతకండి. పీపీఓ పోయినా నకలు సంపాదించవచ్చు గానీ, డిశ్చార్జి బుక్‌లో ఉన్నన్ని వివరాలు ఇంకెక్కడా ఒకచోట దొరకవు. ఆర్మీ నంబరు, ర్యాంకు, చేరిన తేదీ, విడిచిన తేదీ, ఏ కారణంతో పంపారో, కుటుంబం వివరాలు, అన్నీ అందులో ఉంటాయి. సర్వీసు లెక్క కూడా అక్కడే తేలుతుంది. మామూలు జవానుకు సర్వీస్ పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు ఉండాలి. పాతకాలం వాళ్లలో కొంతమందికి కొన్నేళ్లు కలర్ సర్వీసు (దళంలో ఉండి చేసిన ఉద్యోగం), మిగతాది రిజర్వులో (ఇంటి దగ్గరుండి, పిలిస్తే వెళ్లాల్సిన కాలం), రెండూ కలిపి 15 ఏళ్లు అయితే రిజర్విస్టు పెన్షన్ వచ్చేది. మీ తాతగారు ఏడేళ్లకే ఇంటికొచ్చేశారు, మరి పెన్షన్ ఎలా వచ్చిందబ్బా అని బుర్ర గోక్కోకండి, రిజర్వు సంవత్సరాలు చూడండి.

తర్వాత పీపీఓ. పాత ఆర్మీ పీపీఓ నంబరు ముందు ఇంగ్లీషు అక్షరం ఉంటుంది: ఎస్ అంటే సర్వీసు పెన్షన్, డి అంటే డిజేబిలిటీ, ఎఫ్ అంటే ఫ్యామిలీ. నంబరులో కార్ అని ఉంటే అది సవరణ పీపీఓ, అంటే మొదటి పీపీఓలో ఏదో మారిందని అర్థం. పే కమిషన్ వచ్చినప్పుడు కావచ్చు, పేరు దిద్దినప్పుడు కావచ్చు. ఒకే మనిషికి రెండు మూడు పీపీఓలు కనబడితే కంగారు పడకండి, తేదీల వరసలో పెట్టుకుని చదవండి. రిటైరయ్యాక డీఎస్సీలో (టీచర్ల డీఎస్సీ కాదు, రక్షణ శాఖ సంస్థలకు కాపలా కాసే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్) చేరి రెండో పెన్షన్ తెచ్చుకున్నవాళ్లు కూడా మన దగ్గర బాగానే ఉన్నారు, వాళ్ల రెండో సర్వీసు కాగితాల మీద కన్నూర్ రికార్డ్స్ పేరుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, తప్పు దిద్దించడం. ఎక్కువ తలనొప్పి ఇక్కడే.

ఒక జవాను పెన్షన్ మూడు చేతులు మారి వస్తుంది. రికార్డ్ ఆఫీసు మనిషి వివరాలు ఉంచుతుంది. పే అకౌంట్స్ ఆఫీసు జీతం, సర్వీసు లెక్క సరిచూస్తుంది. ప్రయాగ్‌రాజ్ మంజూరు చేసి పీపీఓ ఇస్తుంది. ఇందులో మొదటిది సైన్యానిది, మిగతా రెండూ లెక్కల శాఖవి. రికార్డ్స్ నుంచి కాగితం కదలనిదే ప్రయాగ్‌రాజ్ ఏమీ చేయదు, మీరు అక్కడికి పది రిజిస్టర్డ్ ఉత్తరాలు రాసినా రికార్డ్స్ ద్వారా రమ్మనే జవాబొస్తుంది. కాబట్టి పేరు, పుట్టిన తేదీ, భార్యాపిల్లల వివరాలు తప్పుంటే రికార్డ్స్‌కి రాయండి. ఏఓసీ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చేసే ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్), ఈఎంఈ (యంత్రాల మరమ్మతు చూసే ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్లు) వాళ్లకు సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్, మద్రాస్ ఇంజనీర్లకు బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. డబ్బు లెక్కే తప్పు, ర్యాంకుకు రావాల్సిన మొత్తం రాలేదు అనుకుంటే అప్పుడు అకౌంట్స్ వైపు వెళ్లాలి.

మనవాళ్ల పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. జవాను పెళ్లి చేసుకుంటే యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ (మనిషి వివరాల్లో మార్పును రికార్డులోకి ఎక్కించే ఉత్తర్వు) వేయిస్తాడు, పిల్లలు పుట్టినా అంతే. నలభై ఏళ్ల కిందట ఉత్తరాది క్లర్కు ఎవరో ‘లక్ష్మి’ అని విని ఇంగ్లీషులో నాలుగక్షరాలు రాసి ఊరుకున్నాడు. ఇక్కడేమో ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ‘కొల్లి వెంకటలక్ష్మమ్మ’ అని ఉంటుంది. ఆయన బతికున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు పెడితే ఈ ఇద్దరూ ఒకరేనా అని అడుగుతారు. కొన్ని పాత పీపీఓల్లో అసలు భార్య పేరే ఉండదు. ఇంట్లో పెద్దాయన ఉండగానే డిశ్చార్జి బుక్‌లో ఉన్న పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆయన సంతకంతోనే రికార్డ్స్‌కి అర్జీ పెట్టించండి, అఫిడవిట్ జత చేయండి. ఆయన సంతకం ఉన్నప్పుడు అయ్యే పని, ఆయన లేనప్పుడు నాలుగింతలు సాగుతుంది.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లడం మర్చిపోకండి. అర్జీ ఎలా రాయాలి, ఏ కాగితం జత చేయాలి అన్నది వాళ్లకు తెలుసు, వాళ్ల కవరింగ్ లెటర్‌తో వెళ్లిన కాగితానికి విలువ ఎక్కువ. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలోనైతే ఇంటికో మాజీ సైనికుడు, అక్కడ రిటైరైన సుబేదార్‌గారిని ఒక్కరిని పట్టుకున్నా చాలు.

ఇక స్పర్శ్, అంటే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ. ఒకప్పుడు ప్రయాగ్‌రాజ్ మంజూరు చేస్తే బ్యాంకో ట్రెజరీయో డీపీడీఓనో (రక్షణ శాఖ సొంత పెన్షన్ పంపిణీ ఆఫీసు) లెక్క కట్టి ఇచ్చేది. ఆ మధ్యలోనే బ్యాంకు లెక్కలు తప్పి, ఎక్కువిచ్చామని రికవరీ పెట్టడం, తక్కువిచ్చి ఊరుకోవడం జరిగేవి. ఇప్పుడు పాత పెన్షనర్ల వివరాలు కూడా స్పర్శ్‌లోకి ఎక్కించి, లెక్క అక్కడే కట్టి నేరుగా ఖాతాలో వేస్తున్నారు. లాగిన్ అయ్యాక ముందు మీ వివరాల వెరిఫికేషన్ పూర్తి చేయండి, కొత్త పీపీఓ డౌన్‌లోడ్ చేసుకుని పాతదానితో ర్యాంకు, గ్రూపు (చేసే పనిని బట్టి పెట్టిన జీతాల వర్గం), సర్వీసు ఏళ్లు పోల్చండి. ఈ మూడింట్లో ఏది తప్పినా వన్ ర్యాంక్ వన్ పెన్షన్ (ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉంటే ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్) లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఆ పట్టికలు తయారైందే వీటి మీద. 2014 జులై 1 నుంచి అమలైన ఆ పథకంలో అయిదేళ్లకోసారి సవరణ ఉంది, 2019, 2024 జులైల్లో మారిన అంకె మీ ఖాతాలో కనబడాలి.

లైఫ్ సర్టిఫికెట్ ఏటా ఇవ్వాల్సిందే. జీవన్ ప్రమాణ్‌లో (ఆధార్‌తో ఇచ్చే డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) చేయించేటప్పుడు మీసేవలోనో సీఎస్‌సీలోనో (కామన్ సర్వీస్ సెంటర్) కుర్రాడు అలవాటు కొద్దీ బ్యాంకు పేరు నొక్కేస్తాడు. పంపిణీ చేసే ఏజెన్సీ దగ్గర స్పర్శ్ ఉన్న ఎంట్రీయే ఎంచుకోమనండి, లేకపోతే సర్టిఫికెట్ వేరే చోటికి పోయి, మీది రాలేదని పెన్షన్ ఆగుతుంది. పక్కనే నిలబడి స్క్రీన్ చూడండి, రసీదు ఫొటో తీసుకోండి.