పిల్లల ఎయిర్ రైఫిల్ – 4వ పాఠం: తన్నకుండా కాల్చే పెల్లెట్

పోయిన పాఠంలో బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు బిడ్డ చేతికి సరిపోయేలా కోసి సరిచేశాం. ఇప్పుడు రైఫిల్‌కు పెట్టే మేత, అంటే పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు సంగతి.

పదేళ్ళ పిల్లకో పిల్లాడికో తుపాకీ భుజాన్ని తన్నకూడదంటే తేలిక గుండు వేస్తే సరిపోతుందని చాలామంది లెక్క. మందుగుండు రైఫిల్లో అది నిజమే. గుండు బరువు, మందు తూకం తగ్గితే తన్ను తగ్గుతుంది. అందుకే బయటి దేశాల్లో పిల్లల కోసం మందు తగ్గించి తూటాలు మళ్ళీ నింపుకుంటారు. మన దగ్గర తూటా తయారీకి 1959 ఆయుధ చట్టం కింద లైసెన్సు కావాలి, అది ఇంటి వసారాలో కూర్చుని చేసే పని కాదు. ఇక్కడి పిల్లలు మొదలుపెట్టేది 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో. శక్తి 20 జౌళ్ళు దాటకపోతే 2016 ఆయుధ నియమాల ప్రకారం దానికి లైసెన్సు అక్కర్లేదు. అయితే ఈ రైఫిల్లో తన్ను లెక్క వేరు.

స్ప్రింగ్ గన్ను తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, తుపాకీ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివరికొచ్చి ఆగగానే తుపాకీ ముందుకు కుదుపుతుంది. ఈ కుదుపులు తగిలేటప్పుడు పెల్లెట్ ఇంకా బ్యారెల్లోనే ఉంటుంది. అంటే కుదిపేది పిస్టన్ బరువు, పెల్లెట్ బరువు కాదు. పెల్లెట్ మరీ తేలికైతే ముందే జారిపోతుంది. పిస్టన్ ముందు గాలి దిండులా నిలవదు, అది వెళ్ళి ఇనుము మీద దబ్బున కొట్టుకుంటుంది. బిడ్డ చెంపకు ఆ దెబ్బ తెలుస్తుంది, సీలు (పిస్టన్ చుట్టూ గాలి పోకుండా ఆపే వాషరు) చిరుగుతుంది, స్ప్రింగు విరుగుతుంది. ఖాళీ తుపాకీ పేల్చినా ఇదే నష్టం. మరీ బరువైన పెల్లెట్ వేస్తే పిస్టన్ వెనక్కి ఎగిరి మళ్ళీ వస్తుంది, అదీ కుదుపే. 0.48 నుంచి 0.55 గ్రాముల మధ్య ఉండండి. వేగం కోసమని అమ్మే 0.3 గ్రాముల మిశ్రలోహం పెల్లెట్లు పిల్లల తుపాకీలో వద్దు.

సిలిండర్ గాలితో పేలే మ్యాచ్ (పోటీల) రైఫిల్లో పిస్టన్ ఉండదు. 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే 4 కిలోల రైఫిల్ వెనక్కి జరిగే వేగం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. అది తన్నే కాదు. బిడ్డ భుజం ఎగిరిందంటే భయంతో ఎగరేసుకున్నదే.

పెల్లెట్ ఆకారం బుడబుక్కలవాడి డమరుకం లాంటిది: ముందు తల, సన్నని నడుము, వెనక పావడా. గాలి పావడాను విప్పి బ్యారెల్‌కు ఒత్తుతుంది కాబట్టి ఆ అంచు నలిగితే గురి పోయినట్టే. తల బల్లపరుపుగా ఉన్నది కొనండి. గురి కార్డుకు (వలయాల గీతలున్న అట్టకు) గుండ్రటి చిల్లు పడుతుంది, గీతలు లెక్కపెట్టడం తేలిక. డబ్బా మీద తల కొలత 4.49, 4.50, 4.51 అని ఉంటుంది. ఏది మీ బ్యారెల్‌ది అన్నది కాల్చి చూస్తేనే తెలిసేది. బొటనవేలితో మెల్లగా నొక్కితే అంచు బ్యారెల్ మట్టానికి కూర్చోవాలి. బ్యారెల్ పైకెత్తితే జారి పడితే వదులు. బిడ్డ గోరుతో గుచ్చి తోయాల్సి వస్తే బిగువు, ఆ గోటి గాటే పావడాను వంచుతుంది. ఇనుప బాల్స్ ఎప్పుడూ వద్దు. బ్యారెల్ గాడిని గీకేస్తాయి, తిరిగి ఎగిరి కంటికి తగులుతాయి.

ఏరడం ఇలా. చీమకుర్తి గెలాక్సీ రాయి ముక్క ఒకటి సంపాదించండి, అడుగు పొడవు, అరడుగు వెడల్పు, పాలిష్ పోకుండా. గ్రానైట్ కోసే చోట వ్యర్థంలో దొరుకుతుంది. ఒక చివర కింద అగ్గిపెట్టె పెట్టి వాలు చేయండి. పైఅంచు దగ్గర పెల్లెట్‌ను అడ్డంగా పడుకోబెట్టి వదలండి. తల ఒక వెడల్పు, పావడా ఒక వెడల్పు కాబట్టి తిన్నగా దొర్లదు, వంకీ తిరుగుతూ దిగుతుంది. మంచివన్నీ కింద దాదాపు ఒకే చోటికి చేరతాయి. నొక్కుపడింది తడబడి టకటకమంటూ పక్కకు పోతుంది. దాన్ని తీసి వేరే డబ్బాలో వేయండి, అవి ట్రిగ్గర్ అభ్యాసానికి పనికొస్తాయి. 500 పెల్లెట్ల డబ్బా ఒకసారి కిందపడిందంటే మొత్తం మళ్ళీ దొర్లించాల్సిందే.

తూయడం మీద మోజు ఎక్కువ, లాభం తక్కువ. నెల్లూరు బంగారం కొట్లలో వాడే చిన్న కాటా కొంటే గ్రాములో వెయ్యోవంతు చూపాలి. వందోవంతు చూపేది ఈ పనికి చాలదు. లెక్క చూడండి: 10 మీటర్లు పోయేలోపు పెల్లెట్ 17, 18 మి.మీ. కిందికి దిగుతుంది. బరువులో 0.01 గ్రాము తేడా వస్తే ఆ దిగుడులో తేడా మి.మీ.లో మూడోవంతు. ఎయిర్ రైఫిల్ కార్డులో గీతకూ గీతకూ మధ్య దూరం 2.5 మి.మీ. బిడ్డ సగటున పదికి 9 పాయింట్లు కొట్టేదాకా కాటా బీరువాలోనే ఉండనివ్వండి.

పరీక్ష పెద్దవాళ్ళు కాల్చాలి. లేకపోతే బిడ్డ తప్పు ఏదో, పెల్లెట్ తప్పు ఏదో తేలదు. స్ప్రింగ్ గన్నును వైస్‌లో (బిగించి పట్టే సాధనంలో) బిగించకండి, దానికి కదిలే చోటు ఉండాలి. బియ్యం సంచిని మెత్తగా కుదిర్చి, ముందు చెయ్యి దానిపై ఆనించి, అరచేతిలో తుపాకీ తూకం నిలిచే చోట వదులుగా పట్టండి. పెల్లెట్ రకం మార్చినప్పుడు మొదటి 10, 15 కాల్పులు లెక్కలో వేయకండి. బ్యారెల్‌కు ముందటి సీసం పూత పోయి కొత్తది పట్టాలి. తర్వాత ఒక్కో తల కొలతతో, కార్డుకు 5 పెల్లెట్ల చొప్పున 5 కార్డులు. 10 మీటర్ల దగ్గర మామూలు స్ప్రింగ్ గన్ను 5 చిల్లులూ కొత్త రూపాయి బిళ్ళ కింద, అంటే 20 మి.మీ.లో, దాగితే ఆ పెల్లెట్ ఖాయం. నాలుగు దగ్గరగా పడి ఒకటి ఎగిరిపోతే ముందు పావడా చూడండి, తర్వాత స్టాక్ (తుపాకీ చెక్క భాగం) మరలు చూడండి. ఎండకు చెక్క ఎండి మరలు వదులవుతాయి.

నూనె విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. పెల్లెట్లకు కొబ్బరినూనె రాయడం, గాలి రంధ్రంలో కుట్టుమిషన్ నూనె చుక్కలు వేయడం ఈ చుట్టుపక్కల మామూలు. పిస్టన్ గాలిని నొక్కిన వేడికి ఆ నూనె అంటుకుని ఢాం అంటుంది, పొగ వస్తుంది. జోరు పెరిగిందని సంతోషపడతారు గానీ సీలు కాలిపోతుంది, గురి చెదురుతుంది. కావాలంటే పెల్లెట్లు సబ్బు నీళ్ళలో కడిగి, గుడ్డ మీద నీడలో ఆరబెట్టండి. అంతకు మించి వద్దు.

కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి డబ్బాలో తెల్లటి పొడి పుడుతుంది. అది సీసం తుప్పు, విషం. నోటితో ఊదకండి, ఆ పెల్లెట్లు తీసేయండి. మూత బిగువు ఉన్న డబ్బాలో సిలికా సంచి వేసి ఉంచండి, కొత్త చెక్కపెట్టెలో పెట్టకండి. పచ్చి చెక్క నుంచి వచ్చే పుల్లటి ఆవిరి సీసాన్ని తింటుంది. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కోటి తీసే అలవాటు పిల్లల్లో కనిపిస్తే ఆ రోజే మాన్పించండి. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే జంతికల డబ్బా తెరవాలి.

చెరువు గట్టు కొంగల మీద గురి చూడటం అభ్యాసం కాదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

వచ్చే పాఠం నాటికి మూడు కొలతల పెల్లెట్లతో, 15 కార్డులు సిద్ధం చేసుకోండి. ప్రతి కార్డు వెనక తల కొలత, తేదీ, ఎండ పొద్దా సాయంత్రమా అన్నది పెన్సిల్‌తో రాయండి. ఆ కార్డుల్లో చిల్లుల గుంపు మధ్య నుంచి ఎంత పక్కకు పోయిందో కొలిచి సైట్ (గురి చూసే అమరిక) ఎన్ని క్లిక్కులు తిప్పాలో లెక్క కడదాం.